కుడి నుంచి మూడో హంస

కపితోలీనా యెగోరోవ్నా మీద నాకు మొదట కలిగింది ఒళ్ళుమంట. కారణం ఆవిడ కోటు.

మా థియేటర్లో కోట్లు తగిలించే గది నాది. ముప్పై ఏళ్ళు ఆ బల్ల వెనకే నిలబడ్డాను. ఆట అయిపోగానే జనం ఎలా తోసుకొస్తారో నన్నడగండి, చెబుతాను. బైనాక్యులర్ అద్దెకు తీసుకున్నవాళ్ళకి వరసతో పని లేకుండా ముందుగా కోటు ఇచ్చెయ్యాలని మా దగ్గర రూలు. అందుకని సగం ఊరు బైనాక్యులర్లు తీసుకునేది. అవి హంసల్ని చూడ్డానికి కాదు, ట్రామ్ అందుకోవడానికి. తెర పూర్తిగా పడకముందే నా బల్ల మీద పడేవాళ్ళు. కాసేపట్లో గది ఖాళీ అయ్యేది, ఒక్క కోటు తప్ప. నల్లటి దూది కోటు, మోచేతి దగ్గర యంత్రాల నూనె మరక. నేను దాన్నీ, అది నన్నూ చూసుకుంటూ కూర్చునేవాళ్ళం.

ఒక ఆదివారం ఇక ఉండబట్టలేక అడిగేశాను. "ఏమమ్మా, నీకు ఇల్లూ వాకిలీ లేవా? నీ ఒక్క కోటుకి నేనిక్కడ కాపలా కాయాలా?"

ఆవిడ నింపాదిగా బెంచీ మీద కూర్చుని, ఆటకని వేసుకున్న బూట్లు విప్పి గుడ్డసంచీలో పెట్టుకుని, మంచుబూట్లు తొడుక్కుంటూ అంది. "వాళ్ళు అంతసేపు కాళ్ళు హూనమయ్యేలా ఎగిరారు. నేను రెండు నిమిషాలు చప్పట్లు కొట్టకూడదా?"

"రెండు నిమిషాలా? ఇరవై అయింది!"

"ఇరవయ్యే అనుకో. నీ సొమ్మేం పోయింది?"

అలా మొదలైంది మా స్నేహం. ఆవిడ నాకు కాపా అయింది, గ్లఫీరా అనే నేను ఆవిడకి గ్లాషా అయ్యాను.

మా పెర్మ్ ఊళ్ళో బ్యాలే పిచ్చి లేనివాళ్ళు అరుదు. ఇక్కడ ట్రామ్‌లో పక్కనున్న ముసలావిడ కూడా ఫలానా అమ్మాయి మడమ సరిగ్గా పెట్టలేదని విసుక్కుంటుంది. అయినా కాపా పిచ్చి వేరు. ఆవిడ ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేది. షెడ్డు కప్పుకి ఆనుకుని ఉండే చిన్న గదిలో కూర్చుని, కింద మనుషుల నెత్తి మీదుగా ఇనుప దిమ్మెలు ఇటు నుంచి అటు మోసేది. రోజంతా పైనుంచి చూసే కళ్ళు. అందుకే థియేటర్లోనూ ఆవిడకి అన్నిటికన్నా పైనుండే చవక బాల్కనీ, మేం పైమెట్టు అనేదే కావాలి. కింద ఖరీదైన సీటు ఇస్తానన్నా వద్దనేది.

"కింద కూర్చుంటే మొహాలు కనిపిస్తాయే గ్లాషా. మొహాలు నాకు బజార్లోనూ కనిపిస్తాయి. పైనుంచైతే వరస కనిపిస్తుంది. ఇరవై నాలుగు మంది ఒక్క గీతలా నిలబడ్డం నువ్వెప్పుడైనా చూశావా?"

"నేను చూసేది మీ కోట్ల వరసే. అదీ గీతలాగే ఉంటుంది."

"ఏడిశావ్‌లే."

ఆ పిచ్చి కోసం ఆవిడ వదులుకున్నవి చెబితే మీరు నమ్మరు. ఫ్యాక్టరీలో పై ఉద్యోగం ఇస్తామంటే వద్దంది, సాయంత్రాలు మీటింగులుంటాయని. సెలవిచ్చి దక్షిణాన సముద్రం ఒడ్డుకి పంపిస్తామంటే, ఆ వారంలో హంసల బ్యాలే ఉందని వెళ్ళలేదు. ఒక సంబంధం కూడా వచ్చింది. లేతు మిషను దగ్గర పనిచేసే పెద్దమనిషి, భార్య పోయినవాడు, తాగుడు లేదు. కాపా ఆయన్ని థియేటర్‌కి తీసుకొచ్చింది. ఆయన పాపం మంచి చొక్కా వేసుకుని వచ్చాడు, విరామంలో చేపముక్క పెట్టిన రొట్టె కొనిచ్చాడు, అంతా బాగానే ఉంది. తీరా చివర్లో ఇంకా చప్పట్లు మోగుతుండగానే ఆయన బైనాక్యులర్ పట్టుకుని నా బల్ల ముందు ప్రత్యక్షమయ్యాడు. "ఇద్దరి కోట్లూ ఇచ్చెయ్యండి, ఆమె నిలబడాల్సిన పని లేకుండా" అన్నాడు, ఎంతో ప్రేమగా. నేను మనసులోనే అనుకున్నాను, అయ్యో నాయనా, నీ పెళ్ళి ఇక్కడితో సరి అని. సరిగ్గా అంతే జరిగింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా థియేటర్లో ఒక మాట ఉంది: నీళ్ళ దగ్గర నిలబడ్డం. వెనక తెర మీద సరస్సు బొమ్మ గీసి ఉంటుంది కదా, దానికి ఆనుకుని చిట్టచివరి వరసలో నిలబడే పిల్లలు నీళ్ళ దగ్గరవాళ్ళు. వాళ్ళ పేర్లు కాగితం మీద అచ్చు కావు, వాళ్ళకి పూలగుత్తులు అందవు. ఇరవై ఏళ్ళు నిలబడతారు, ఒకరోజు మానేస్తారు, వాళ్ళ బదులు ఇంకొకరు నిలబడతారు. ముందు ఆడే హంసల మహారాణి కోసం చప్పట్లు కొట్టేవాళ్ళు వేలమంది. కాపా కళ్ళు మాత్రం నీళ్ళ దగ్గర నిలబడ్డ ఒక అమ్మాయి మీద పడ్డాయి. కుడి నుంచి మూడో హంస.

"పేరు కనుక్కుని పెట్టవే" అంది ఒకరోజు, సిగ్గుపడుతూ. నలభై టన్నుల ఇనుము ఎత్తే మనిషి పెళ్ళికూతురిలా కందిపోయింది.

నేను వెళ్ళి, నాట్యం చేసే పిల్లలకి బట్టలు తొడిగే ఉస్తీన్యాని అడిగాను. హంసల బ్యాలేలో నీళ్ళ దగ్గర కుడి నుంచి మూడో పిల్ల ఎవరని. ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "నోన్నా బెస్సోనోవా" అంది. నేను తెచ్చి కాపాకి చెప్పాను. కాపా ఆ పేరు రెండుసార్లు పెదాలతో పలుక్కుంది.

మరుసటి వారమే మొదటి ఉత్తరం రాసుకొచ్చింది, గీతల నోటుబుక్కు కాగితం మీద. నాకు చదివి వినిపించింది. "అందరి చేతులూ దిగి ఆగిపోతాయి. మీ చెయ్యి ఆగాక కూడా మణికట్టు ఇంకా దిగుతూనే ఉంటుంది. అది చూడ్డానికే నేను వస్తాను." అంతే ఉంది అందులో. దానితో పాటు తను అల్లిన ఉన్ని కాలితొడుగులు. అవి ఉస్తీన్యా చేతికీ, ఉస్తీన్యా చేతి నుంచి నోన్నాకీ వెళ్ళాయి. అప్పటినుంచి ప్రతి హంసల బ్యాలే తర్వాతా ఒక ఉత్తరం. చలికాలంలో తొడుగులు, ఎండాకాలంలో నల్లద్రాక్ష పళ్ళ జామ్.

"ఒక్కసారి వెనక గుమ్మం దగ్గరికెళ్ళి పలకరించరాదూ?" అంటే మాత్రం ససేమిరా అనేది.

"ఆమె కొలువు మానేసే రోజున వెళ్తాను. పూలు తీసుకెళ్ళి చేతికిస్తాను. నీళ్ళ దగ్గరవాళ్ళకి ఎవరూ ఇవ్వరు కదా, నేనిస్తాను. అప్పటిదాకా హంసని హంసలాగే ఉండనీ."

జీవితంలో ఆవిడ కోరుకున్నది అదొక్కటే. ఇల్లు కోరలేదు, మొగుణ్ణి కోరలేదు. ఆ చేతుల్లో పూలు పెట్టాలి, అంతే.

పన్నెండేళ్ళు గడిచాయి. ఒక శీతాకాలం నోన్నా మోకాలు దెబ్బతిని ఆస్పత్రిలో పడింది. ఆ ఆదివారం ఆట అయ్యాక కాపా ఎప్పటిలాగే అందరికన్నా చివర్న దిగొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఇవాళ మా నోన్నా ఎంత బాగా చేసిందనుకున్నావ్! ఆ మెడ! ఆ మణికట్టు!"

నోన్నాకి ఆ పొద్దున్నే ఉస్తీన్యా ఆస్పత్రికి సూప్ పట్టుకెళ్ళింది. కోటు చేతికిచ్చి పంపించాను. పంపించి, పరుగున వెళ్ళి ఉస్తీన్యాని పట్టుకున్నాను.

"అప్పుడు నువ్వు కుడి అన్నది ఎవరి కుడి?"

"ఎవరి కుడేమిటి, మా కుడి! తెర పక్కన నిలబడి చూసేదాన్ని, హంసల కుడిచెయ్యి ఎటుంటే అదే కుడి. మరి మీ కోట్లవాళ్ళకి కుడెటుంటుందో నాకేం తెలుసు?"

హాల్లో కూర్చున్నవాళ్ళ కుడి వేరు, రంగస్థలం మీదవాళ్ళ కుడి వేరు. అన్నేళ్ళు థియేటర్ తిండి తిన్న నాకు ఆ మాట తట్టలేదు! కాపా కుడి నుంచి మూడోది వెనేరా గరీపోవా అనే తతారు పిల్ల. నోన్నా నిలబడేది ఎడమ నుంచి మూడో చోట. పన్నెండేళ్ళుగా కాపా ఒకర్ని చూసి మైమరిచిపోతే, ఉత్తరాలు ఇంకొకరికి వెళ్ళాయి. వెళ్ళేలా చేసింది నేను.

చెప్పేద్దామనే అనుకున్నాను. ఒట్టు. కానీ ఆ వారం నోన్నా కర్ర పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. కాళ్ళకి కాపా అల్లిన తొడుగులే.

"గ్లఫీరా పిన్నీ, డాక్టరు ఇక మానెయ్యమంటున్నాడు. నేను మానను. ఆ పైమెట్టు మీద నాకోసం ఒక మనిషి వస్తుంది. అంతమంది ఉండగా నన్నే చూస్తుంది. ఆవిణ్ణి ఎలా వదిలేసి పోతాను?"

ఇప్పుడు చెప్పండి, నేనేం చెయ్యను? నోరు నొక్కుకున్నాను. మరో ఆరేళ్ళు నొక్కుకునే ఉన్నాను. ఆదివారం వస్తే చాలు, ఆ నల్లకోటుని కంటికి కనబడకుండా అన్నిటి వెనక్కి తగిలించేదాన్ని.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది మార్చిలో నోన్నా చివరి ఆట వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, హంసల బ్యాలే. ఆ కబురు కాపాకి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ ఆ రోజు కోటు కింద, చలికి మాడిపోకుండా వార్తాపత్రికలో చుట్టి, ఏడు ఎర్ర కార్నేషన్ పూలు తెచ్చింది. జుట్టు సెలూన్లో చేయించుకుంది. పెదాలకి రంగు కూడా వేసింది, కొంచెం పక్కకి పోయింది.

"జాగ్రత్తగా నీళ్ళలో పెట్టవే. బాగున్నానా? ఇవాళ క్రేన్ ఎక్కితే దిమ్మె ఎవడి నెత్తి మీదో పడేద్దును."

పూలని జామ్ సీసాలో పెట్టాను. మొదటి గంట మోగింది, ఆవిడ మెట్లెక్కింది. నేను ఆ పూల వంక చూస్తూ కూర్చోలేకపోయాను. ఇంకాసేపట్లో ఆ పూలు పట్టుకుని వెనక గుమ్మం దగ్గరికెళ్తుంది. నోన్నా మొహం చూస్తుంది. నోన్నా తన మోకాలి సంగతి చెబుతుంది, ఆస్పత్రి సంగతి చెబుతుంది, ఏ ఏడాది ఏ నెలో చెబుతుంది. కాపా తెలివితక్కువది కాదు. అక్కడ, ఇద్దరి ముందూ తెలియడం కన్నా ఇక్కడ నా బల్ల దగ్గరే తెలియడం మేలు.

విరామంలో ఆవిణ్ణి కోట్ల మధ్యకి లాక్కెళ్ళి మొత్తం చెప్పేశాను. కుడీ, ఎడమా, ఉస్తీన్యా, మోకాలు, ఆరేళ్ళ మౌనం, గుక్క తిప్పుకోకుండా. తిడుతుందనుకున్నాను. ఆవిడ పక్కనున్న ఎవరిదో కోటు చెయ్యి పట్టుకుని నిలబడింది.

"పద్దెనిమిదేళ్ళు" అంది.

"కాపా..."

"పద్దెనిమిదేళ్ళు నేను ఆ పిల్లకి ఒక్క మాట చెప్పలేదన్నమాట. ఒక్క మాట! ఒక జత తొడుగులు ఇవ్వలేదు. ఆమెకి నేనున్నట్టే తెలీదు."

"తప్పు నాదే. నన్ను కొట్టు, తిట్టు..."

"నోర్ముయ్. రెండో గంట మోగింది."

వెళ్ళిపోయింది. పూల వైపు చూడనైనా లేదు. నేను ఉద్యోగంలో చేరాక ఎన్నడూ చెయ్యని పని ఆ రోజు చేశాను. బల్ల వదిలేసి, గదికి తాళం వేసి, పైమెట్టుకి ఎక్కాను. ఆయాసంతో ప్రాణం పోయింది. కాపా ఎప్పటి చోటే నిలబడి ఉంది, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని. నేను వెనక నక్కి నిలబడ్డాను.

చివరి అంకం నడుస్తోంది. నీలం వెలుగులో హంసలన్నీ నీళ్ళ దగ్గర వరసగా నిలబడ్డాయి. చెప్పొద్దూ, ఒక్క గీతే. కాపా తల కుడివైపే ఉంది, అలవాటు కదా. చాలాసేపు అటే చూసింది. తర్వాత నెమ్మదిగా, బరువు మోసే క్రేన్ తిప్పినట్టు, తల ఎడమవైపు తిప్పింది. ఒకటి, రెండు, మూడు. అక్కడ ఆగింది. వయొలిన్లు సన్నగా మోగుతున్నాయి. ఇరవై నాలుగు చేతులు కిందికి దిగాయి. దిగి ఆగిపోయాయి.

కాపా చెయ్యి వెనక్కొచ్చి నా గౌను అంచు దొరకబుచ్చుకుంది. నేనున్నానని ఎలా తెలిసిందో!

"చూశావా?" అని గుసగుసలాడింది.

"ఏమిటే?"

"మణికట్టు. ఆ పిల్ల మణికట్టు కూడా దిగుతోంది. చెయ్యి ఆగాక కూడా. గ్లాషా, రెండువైపులా ఉందే అది! నేనొక వైపే చూశాను ఇన్నాళ్ళూ."

ఏడుస్తోంది. పెదాల రంగు ఇంకా పక్కకి పోయింది. నాకూ ఆగలేదు. కింద అంతమంది బైనాక్యులర్లు పెట్టుకుని మహారాణిని చూస్తున్నారు. మేమిద్దరం ముసలాళ్ళం ఎవరికీ అక్కర్లేని రెండు చేతుల్ని చూస్తూ ఏడ్చాం.

తెర పడింది. నేను పరుగున దిగి తాళం తీసేసరికి జనం నన్ను నమిలి మింగేలా ఉన్నారు. అందర్నీ పంపించాను. నల్లకోటు మిగిలింది. ఎప్పటిలాగే అందరికన్నా చివర్న వచ్చి, బూట్లు మార్చుకుని, జామ్ సీసాలోంచి పూలు తీసింది. లెక్కపెట్టింది. రెండు పూలు విడదీసి వేరే చేతిలో పట్టుకుంది.

"ఐదు ఎవరికి?" అన్నాను.

"ఇవాళ ఎవరి రోజైతే వాళ్ళకి. కోటు తొడుక్కో, నువ్వూ వస్తున్నావ్."

వెనక గుమ్మం దగ్గర మంచు కరిగి బురదబురదగా ఉంది. నోన్నా బయటికొచ్చింది, నెమ్మదిగా, మోకాలు చూసుకుంటూ. పక్కనే ఆమె సంచీ మోస్తూ వెనేరా. నోన్నా మమ్మల్ని చూసింది, కాపా చేతుల్లో పూలు చూసింది, సంగతి అర్థమైపోయింది.

"పిన్నీ, మీరేనా?"

కాపా ఐదు పూలూ ఆమె చేతుల్లో పెట్టింది. నోన్నాయే గబగబా చెప్పుకుపోయింది. "మీరు మొదటి ఉత్తరంలో రాసిన మణికట్టు నాకప్పుడు లేదు పిన్నీ. ఒట్టు! మీకెలా కనిపించిందో నాకిప్పటికీ తెలీదు. సిగ్గేసింది. ఎవరో పైనుంచి చూసి అంత మాట రాస్తే, అది నాలో లేదే అని. రెండు శీతాకాలాలు అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. వచ్చిందా? ఇవాళైనా నిజం చెప్పండి."

ఒక్క మాట చాలు, ఆ పిల్ల పద్దెనిమిదేళ్ళు కూలిపోవడానికి.

"ఇవాళ బాగా చూశాను తల్లీ" అంది కాపా. "ఉంది. నా ఈ రెండు కళ్ళతో చూశాను. మోకాలు నొప్పిగా ఉండి కూడా గీత చెదరనివ్వలేదు నువ్వు."

అందులో ఒక్క అబద్ధం లేదు.

నోన్నా పూలల్లో మొహం దాచుకుంది. అప్పుడు కాపా వెనేరా వైపు తిరిగింది. తను ఇన్నేళ్ళు పైనుంచి మాత్రమే చూసిన ఆ మనిషి జానెడు దూరంలో నిలబడి ఉంది. చిన్న ముక్కు, అలిసిన కళ్ళు, ఒక చేతిలో ఇద్దరి సంచీలూ. ఆ పిల్ల గురించి రాయడానికి నోటుబుక్కులు చాలని మనిషి, ఏమంటుందోనని చూశాను. కాపా ఒక పువ్వు తీసి ఇచ్చింది.

"నాకెందుకండీ? ఇవాళ నోన్నాది కదా?" అంది వెనేరా, ఆశ్చర్యపోయి.

"వరసకి ఆ చివర నువ్వే కదా" అంది కాపా. కాసేపు ఆ పిల్ల మెడ వంకే చూసింది. తర్వాత చెయ్యి చాపి, జారిపోయిన శాలువా పైకి లాగి, మెడ చుట్టూ గట్టిగా చుట్టి ముడి వేసింది. "చలి. మెడ కప్పుకో తల్లీ. ఇంకా నువ్వు నాట్యం చెయ్యాలి."

ఆ ఇద్దరూ వెళ్ళిపోయారు. బురదలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడుస్తుంటే, కాపా కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత మిగిలిన ఒక్క పువ్వూ నా చేతిలో కుక్కింది.

"నన్ను క్షమించావా?" అన్నాను, నోరు ఊరుకోక.

"లేదు. ఆరేళ్ళు నోరు మూసుకున్నదాన్ని క్షమించనే. కానీ ఐదూ ఒకటీ ఇచ్చేశాక మిగిలిన ఈ ఒక్కటీ నా దగ్గరే ఉంచుకుంటే ఏం చేసుకోను? ఇచ్చినవన్నీ కలిపి ఆరైతే సరిసంఖ్య, అది శవానికిచ్చే పూల లెక్క. ఏడు ఏడులాగే పోవాలి. అందుకని నీకిచ్చాను, వేరే ఏం లేదు."

ట్రామ్ గంట వినిపించింది. ఆవిడ రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"వచ్చే ఆదివారం ఒక ఉత్తరం తెస్తాను. వెనేరాకి. ఈసారి నువ్వే స్వయంగా ఆమె చేతికివ్వు. ఆ ఉస్తీన్యాని మాత్రం ఏ వైపనీ అడక్కు."

ఆ పువ్వుని జామ్ సీసాలో పెట్టి నా బల్ల మీద ఉంచాను. ఎండిపోయాక కూడా తియ్యలేదు. ఆ తర్వాత వెనేరా కాళ్ళకీ కాపా అల్లిన ఉన్ని తొడుగులే. నల్లకోటు కూడా ఎప్పటిలాగే అందరికన్నా చివర్నే వెళ్ళింది. దాని కోసం కాపలా కాయడం నాకు ఇక ఎన్నడూ విసుగనిపించలేదు.